సురభి మాయాబజారా, లామకాన్‌లో కొత్త నాటకమా?

హైదరాబాద్‌లో వారానికి ఒక్క సాయంత్రమే ఖాళీ, అందులో నాటకమే చూడాలంటే నా ఓటు సురభికే, అదీ రవీంద్రభారతిలో మాయాబజార్ పడితే ఇక ఆలోచించేదే లేదు. 1885లో కడప జిల్లాలో కీచకవధతో మొదలైన నాటక కుటుంబాలివి, ఇప్పటికీ చిన్నపిల్లల దగ్గర్నుంచి పెద్దవాళ్ల దాకా ఇంటిల్లిపాదీ వేషం కడతారు. పద్యం రికార్డు పెట్టరు, నటుడే గొంతెత్తి పాడతాడు, హార్మోనియం అందుకుంటుంది. తీగల మీద మనుషులు గాల్లో తేలతారు, నిప్పులు కక్కే బాణాలు ఎదురెదురుగా వచ్చి ఢీకొంటాయి, తీగ కనిపిస్తున్నా సరే పిల్లలు కేకలు పెడుతూనే ఉంటారు (పెద్దవాళ్లు కూడా, ఒప్పుకోరు గానీ).

బంజారాహిల్స్‌లో 2010లో మొదలైన లామకాన్ అనే సాంస్కృతిక వేదిక దీనికి పూర్తిగా రివర్స్. ఒకప్పటి ఇల్లు, ఆరుబయట స్టేజీ, సెట్టింగు అంటే మహా అయితే రెండు కుర్చీలు. నటుడి నుదుటి మీద చెమట కూడా కనిపించేంత దగ్గర కాబట్టి మాట తడబడితే దాచుకోవడానికి చోటుండదు. కొత్త రచనలు, కొత్త కుర్రాళ్లు, కొన్నిసార్లు అదిరిపోతుంది, కొన్నిసార్లు సగంలోనే చాయ్, సమోసా మీదికి మనసు పోతుంది. హిందీ, ఉర్దూ, ఇంగ్లీషు నాటకాలు కూడా పడతాయి, తెలుగే కావాలంటే భాష చూసుకుని వెళ్లండి.

అమ్మానాన్నలతో, పిల్లలతో అయితే సురభి. చూశాక గంటసేపు వాదించుకునే ఫ్రెండ్ ఉంటే లామకాన్. సురభికి మరీ ముందు వరుస మాత్రం వద్దు, మాయలు మధ్య వరుసల నుంచే బాగా పండుతాయి.