రెక్క ఫ్లట్టర్ లెక్కకు ఏ టైమ్ ఇంటిగ్రేషన్ మేలు?

రేణిగుంటలో విమానం ఎక్కి రెక్క పక్క కిటికీ సీటులో కూర్చుంటే, రన్‌వే మీద కాస్త వాలినట్టున్న రెక్క కొస గాల్లోకి లేవగానే పైకి వంగడం కనిపిస్తుంది. గాలి రెక్కను వంచుతుంది, వంగిన రెక్క గాలి దారిని మారుస్తుంది. ఒక్కో ఊపులో గాలి నుంచి రెక్కకు అందే శక్తి, అది పోగొట్టుకునే శక్తి కంటే పిసరంత ఎక్కువైతే ఊపు పెరుగుతూ పోతుంది. అదే ఫ్లట్టర్. తక్కువైతే ఊపు చల్లారిపోతుంది. ఆ పిసరంత తేడాను మన టైమ్ ఇంటిగ్రేషన్ పద్ధతే (కాలాన్ని చిన్న చిన్న అడుగులుగా కోసి కంప్యూటర్లో కదలికను లెక్కగట్టే తీరు) మింగేసినా, లేనిదాన్ని కల్పించినా లెక్క తారుమారవుతుంది. పద్ధతుల్లో ఏది మేలో తేల్చడానికి నేను చూసే మొదటి గుణం ఇదే. వేగం ఆ తర్వాత.

తిరుపతి చుట్టుపక్కల కాలేజీల్లో ఎం.టెక్. ప్రాజెక్టుకు ఇది తీసుకున్న పిల్లలతో మాట ఎప్పుడూ ఇట్లే మొదలవుతుంది.

"సార్, ఫ్లట్టర్ రావాల్సిన స్పీడ్ పెట్టినా ఊపు తగ్గిపోతా ఉంది సార్."

"టైమ్ స్కీమ్ ఏం పెట్టినావప్పా?"

"ఫస్ట్ ఆర్డర్ సార్. డీఫాల్ట్‌గా అదే ఉండింది."

ఆ డీఫాల్ట్ పేరు బ్యాక్‌వర్డ్ ఆయిలర్. ఎంత పెద్ద అడుగు వేసినా లెక్క పేలిపోదు కాబట్టి అందరికీ ఇష్టం. కానీ గాలి, డ్యాంపింగ్ (ఊపును చల్లార్చే గుణం) రెండూ లేని ఉత్త స్ప్రింగును దీనికిచ్చి, ఒక్కో ఊపుకు 20 అడుగులు వేయించి చూడండి. ఒక్క ఊపు ముగిసేసరికి కదలిక 39 శాతానికి పడిపోతుంది. ఏ దోషమూ చేయని స్ప్రింగుకు అంత శిక్ష! అవే 20 అడుగులతో బీడీఎఫ్2 (సెకండ్ ఆర్డర్ పద్ధతి, అంటే అడుగు చిన్నదయ్యేకొద్దీ తప్పు ఇంకా వేగంగా తగ్గేది) పోగొట్టేది 4 శాతం లోపే. 50 అడుగులు వేస్తే 0.3 శాతం. లోహపు రెక్కలో సహజంగా ఉండే డ్యాంపింగే చాలా తక్కువ కాబట్టి 20 అడుగుల బీడీఎఫ్2ను కూడా నేను నమ్మను, 50 తగ్గకూడదంటాను. బ్యాక్‌వర్డ్ ఆయిలర్‌ను మాత్రం కదలని స్థితికి చేరే లెక్కలకే వదిలేయండి.

మరి ఎక్స్‌ప్లిసిట్ (పాత విలువల నుంచే కొత్తదాన్ని నేరుగా లెక్కించే) రుంగే-కుట్టా పద్ధతి సంగతి? కచ్చితత్వానికి వంక పెట్టలేం, అడుగు సైజే దాని కొంప ముంచుతుంది. రెక్క చర్మానికి ఆనుకున్న మెష్ (లెక్క కోసం గాలిని గడులుగా కోసిన వల) గడి మందం మిల్లీమీటరులో నూరో వంతు అనుకుందాం. ధ్వని ఆ గడిని దాటే లోపలే అడుగు పడాలన్నది 1928 నాటి కురాంట్, ఫ్రీడ్రిక్స్, లెవీల షరతు. అంటే అడుగు సెకనులో సుమారు 3.4 కోట్లో వంతు. ఫ్లట్టర్ కోడ్‌ను పరీక్షించడానికి అందరూ వాడే ఆగార్డ్ 445.6 అనే నమూనా రెక్క మెలి మోడ్ (మెలితిరుగుతూ ఊగే తీరు) 38 హెర్ట్జ్, అంటే సెకనుకు 38 ఊపులు. ఆ ఒక్క ఊపుకే దాదాపు 9 లక్షల అడుగులు. ఇంప్లిసిట్‌లో (బీడీఎఫ్2లా కొత్త విలువను సమీకరణం విప్పి తేల్చే తీరులో) 50 అడుగులు వేసి, ఒక్కో అడుగులో జేమ్సన్ 1991లో చెప్పిన డ్యూయల్ టైమ్ పద్ధతిలో ముప్పై నలభై ఇటరేషన్లు తిప్పినా రెండు వేలు దాటదు. ల్యాబ్‌లో ఉన్న ఒక్క మెషీన్ కోసం వంతులేసుకునే పిల్లలకు ఇంకో మాట అక్కర్లేదు.

అసలు తగువు కప్లింగ్ దగ్గర, అంటే గాలి లెక్కనూ రెక్క లెక్కనూ జతచేసే చోట. లూజ్ కప్లింగ్ అంటే ఒకే రోట్లో ఇద్దరు రోకలి పోట్లు వేసినట్టు: గాలి సాల్వర్ ఒక పోటు, స్ట్రక్చర్ సాల్వర్ ఒక పోటు, ఎవరూ ఆగి సరిచూసుకోరు. స్ట్రాంగ్ కప్లింగ్‌లో మాత్రం ఒక్కో అడుగులోనే రెంటికీ పొంతన కుదిరేదాకా లెక్కను మళ్లీ మళ్లీ తిప్పాలి. నాలుగుసార్లు తిప్పితే ఖర్చు నాలుగింతలు. నీళ్లలోనో రక్తనాళాల్లోనో అయితే అది తప్పదు. ద్రవం, గోడ సాంద్రతలు దగ్గరగా ఉన్నచోట లూజ్ కప్లింగ్ పేలిపోతుందని, అడుగు (టైమ్ స్టెప్) తగ్గించినా నయం కాదని కాసిన్, జెర్బో, నోబిలె 2005లో లెక్కతో చూపించారు. కానీ గాలి ఘనపు మీటరుకు 1.2 కిలోలు, అల్యూమినియం 2,700. ఆగార్డ్ రెక్కను పొరల మహాగని చెక్కతో చేసి, బలం తగ్గించడానికి రంధ్రాలు వేసి ఫోమ్ నింపారు; అంత తేలిక చేసినా గాలి ముందు అది బరువే. అందుకే రెక్కకు నా ఓటు లూజ్ కప్లింగ్‌కే. ఒక షరతు: పాత అడుగులోని స్థానాన్నే గాలికి ఇవ్వొద్దు. రెక్క వేగాన్ని బట్టి వచ్చే స్థానాన్ని సెకండ్ ఆర్డర్‌లో ముందుగా అంచనా వేసి ఇవ్వాలి. లేదంటే రెండు వైపులా సెకండ్ ఆర్డర్ పద్ధతులే ఉన్నా మొత్తం లెక్క ఫస్ట్ ఆర్డర్‌కు దిగజారి, గాలీ రెక్కా కలిసే చోట శక్తి లెక్క తప్పుతుంది.

స్ట్రక్చర్ వైపు ఎంపిక తేలికే. నాలుగైదు మోడ్లతో నడిపితే 1959 నాటి న్యూమార్క్ సగటు త్వరణ పద్ధతి చాలు. ఊపును అసలు తగ్గించదు. 20 అడుగులకు ఊపు కాలం మాత్రం 0.8 శాతం సాగుతుంది. పూర్తి ఫైనైట్ ఎలిమెంట్ మోడల్ (రెక్కను చిన్న ముక్కలుగా కోసి లెక్కించేది) పెడితే అక్కర్లేని పై ఫ్రీక్వెన్సీలు గోల చేస్తాయి. అప్పుడు చుంగ్, హల్బర్ట్‌ల 1993 జనరలైజ్డ్ ఆల్ఫా మేలు. న్యూమార్క్‌లోనే గామా అనే గుణకం పెంచి ఆ గోల అణచాలని చూస్తే కింది మోడ్లు కూడా అణగిపోతాయి.

స్ట్రాంగ్ కప్లింగ్ వైపు నేను మొగ్గేది పలుచని పొర రెక్కల చిన్న డ్రోన్లకే.

ఏది ఎంచుకున్నా మొదట ఒక పరీక్ష చేయండి. రెక్క తీసేసి, ఒకే తీరుగా వీచే గాలిలో ఉత్త మెష్‌ను ఊపండి. గాలి వేగంలో చిన్న అల కనిపించినా మీ కోడ్ జామెట్రిక్ కన్జర్వేషన్ సూత్రాన్ని (మెష్ కదిలినంత మాత్రాన గాలి మారకూడదన్నదాన్ని) తప్పుతోందని అర్థం. అది సరిపోయాకే రెక్క పెట్టండి. ఒక్కో ఊపుకు 50 అడుగులతో ఒకసారి, 100తో ఇంకోసారి నడిపి, ఊపు పెరిగే రేటు రెంటిలో ఒకటేనా అని చూసి నా దగ్గరికి గ్రాఫ్ తెండి.