చవక సైకిల్ బ్రేకు డిస్కు: ఆర్‌టీ64 కొనాలా, ఆర్‌టీ70 కొనాలా?

వెర్నియర్‌తో కొలిస్తే నా రోడ్డు సైకిల్ ముందు చక్రం బ్రేకు డిస్కు మందం 1.5 మిల్లీమీటర్లకు వచ్చేసింది. కొత్తది 1.8 ఉంటుంది; సైకిల్ భాగాలు తయారుచేసే షిమానో లెక్కలో 1.5 అంటే మార్చాల్సిందే.

చవకలో షిమానోవి రెండే కంటికి ఆనాయి, రెండూ సెంటర్‌లాక్ హబ్బుకే (చక్రం నడిమి భాగానికి డిస్కును ఒకే రింగుతో బిగించే రకం). ఆర్‌టీ64 పూర్తిగా స్టీలు. ఆర్‌టీ70లో రెండు స్టీలు రేకుల నడుమ అల్యూమినియం పొర ఉంటుంది. అది వేడిని త్వరగా లాగేస్తుంది. ఘాట్ రోడ్డు దిగుతూ బ్రేకు వదలకుండా పట్టేవారికి ఆ తేడా తెలుస్తుంది, అదనపు ఖర్చు గిట్టుబాటవుతుంది. నాది చదును దారి. మహా అయితే రెండు ఫ్లైఓవర్లు! 64తోనే సరిపెట్టుకున్నాను.

ఇంకా దిగువన ఆర్‌టీ54 ఉంది కానీ, అది రెజిన్ ప్యాడ్లకు (డిస్కును నొక్కిపట్టే బ్రేకు ముక్కల్లో మెత్తటి రకం) మాత్రమే. మెటల్ ప్యాడ్లు వాడేవారు దాని జోలికి పోవద్దు. ఏది బిగించినా నూనె చేతులతో మాత్రం ముట్టుకోకండి.