పామ్ పోకో: ఆ దెయ్యాల ఊరేగింపు ఒక్కదాని కోసం

జపాన్ యానిమేషన్ సంస్థ జిబ్లీ స్టూడియో కోసం తకహతా ఇసావో 1994లో తీసిన ఈ సినిమా గురించి ఎవరిని అడిగినా రెండే మాటలు చెబుతారు: తనుకీల (చూడ్డానికి రకూన్‌లా ఉన్నా కుక్కల కుటుంబపు జంతువులే) మోటు హాస్యం, ప్రకృతిని కాపాడుకోవాలన్న సందేశం. రెండూ ఉన్నమాట నిజమే. కానీ ఎన్నిసార్లు చూసినా నాకు విసుగు రానిది మధ్యలో వచ్చే ఊరేగింపు. అంతకన్నా ముఖ్యంగా, ఆ ఊరేగింపు తెల్లవారి ఏమైందన్నది. పోరాటం ఏ మెట్టు దగ్గర, ఎందుకు జారిపోతుందో ఇంత ఓపికగా చూపించిన యానిమేషన్ సినిమా నాకింకోటి తగల్లేదు.

కథాస్థలం కల్పితం కాదు. టోక్యోకి పడమట ఉన్న తమా కొండల్లో దాదాపు 2,900 హెక్టార్లలో కొత్త నగరం కట్టాలని 1965లో నిర్ణయించారు. 1971 నుంచి జనం కాపురానికి దిగారు. గుట్టలు తవ్వి, పల్లాలు పూడ్చి, చదును చేసి అపార్టుమెంట్లు లేపారు. అక్కడ బతికే తనుకీలు రూపం మార్చే పాత విద్యకు మళ్లీ పదును పెట్టి, మనుషుల్ని తరిమెయ్యాలని చూస్తాయి.

మొదట్లో చిన్న ఎత్తులు బాగానే పారతాయి. కళ్లూ ముక్కూ లేని ముఖం చూసి పోలీసు పరుగు లంకించుకుంటాడు, కూలీలు జడిసి పని మానేస్తారు. అయితే ఏం, వాళ్ల స్థానంలో కొత్తవాళ్లు దిగుతారు. దాంతో షికోకు దీవి నుంచి ముగ్గురు పెద్ద తనుకీల్ని పిలిపించి, అందరి శక్తీ ఒకచోట చేర్చి, అపార్టుమెంట్ల మధ్య నుంచి రాత్రంతా దెయ్యాల ఊరేగింపు నడిపిస్తాయి. జపాన్ జానపదంలో ఉన్న దెయ్యాలన్నీ దిగాయా అన్నట్టుంటుంది. పిల్లలు బాల్కనీల్లోంచి కేరింతలు కొడతారు. ఓ బండి దగ్గర ఇద్దరు తాగుతూ కబుర్లాడుకుంటుంటే, వాళ్ల వెనకే అన్ని వింతలూ నడిచిపోతాయి, వాళ్లు తలైనా తిప్పరు. ఆ ముగ్గురు పెద్దల్లో ఒకరైన గ్యోబు శక్తంతా ధారపోసి అక్కడే ప్రాణం వదులుతాడు.

ఇంతా చేస్తే, కొత్తగా తెరుస్తున్న ఓ థీమ్ పార్క్ యజమాని టీవీలోకొచ్చి, అదంతా మా ప్రచారమేనంటాడు. జనం నమ్మేస్తారు, హాయిగా ఊపిరి పీల్చుకుంటారు. అసలు కీలకం ఇక్కడుంది. దెయ్యం కనబడితే కొండదేవరకి కోపమొచ్చిందేమోనని సందేహించే మనిషి ఉన్నంతకాలమే భయపెట్టే విద్యకి విలువ. ఫ్లాట్ కొనుక్కుని దిగినవాడికి అదంతా ఉచిత వినోదం. విద్యలో లోపం లేదు, చూసేవాడే మారిపోయాడు. మొదటిసారి చూసినప్పుడు ఇది నవ్వులాట సన్నివేశంలా దాటిపోతుంది. కథ తెలిసి చూస్తే మాత్రం గ్యోబు చావు కడుపులో దేవుతుంది.

బొమ్మ గీసిన పద్ధతి మీద కూడా ఓ కన్నెయ్యండి. మనుషుల ఎదుట తనుకీలు నిజమైన జంతువుల్లా నాలుగు కాళ్ల మీద ఉంటాయి. తమలో తాము ఉన్నప్పుడు రెండు కాళ్ల మీద, బట్టలతో. విందుల్లో మెత్తటి గుండ్రటి బొమ్మలైపోతాయి. చచ్చిపడ్డాక మళ్లీ మామూలు జంతువులే. రోడ్డు మీద పడున్న కళేబరం మీద వాదించడానికేముంటుంది? తనుకీల్ని కూడా అమాయకుల్ని చేసి వదల్లేదు. గోంతా అనే తనుకీ ముఠా చేసిన దాడిలో మనుషులు చనిపోయారని వార్త రాగానే కాసేపు మౌనం పాటించి, ఆపైన సంతోషం ఆపుకోలేక చిందులేస్తాయి. మనుషులందర్నీ తరిమేస్తే టెంపురా (పిండిలో ముంచి వేయించే జపాన్ వంటకం) ఎలా దొరుకుతుందని బెంగపడి, కొందర్ని ఉండనిద్దామనుకుంటాయి!

తవ్విన మట్టి ఎక్కడికి పోతుందన్న ప్రశ్న కూడా ఈ సినిమా వేస్తుంది. ఫుజినో అనే ఊరి నుంచి వచ్చిన తనుకీ, ఆ మట్టిని తమ కొండల్లో తెచ్చి పోస్తున్నారని చెబుతుంది. ఇది రెండు మాటల్లో తేలిపోయింది, ఇంకాస్త సాగదీయాల్సింది.

ఓపిక గురించి గొప్పగా చెప్పాను గానీ, 119 నిమిషాలూ అలాగే సాగవు. ఊరేగింపు తర్వాత కథ చెదిరిపోతుంది. రకుగో (కూర్చుని ఒక్కరే కథ చెప్పే జపాన్ సంప్రదాయ కళ) కథకుడు కొకొంతెయ్ షించో వ్యాఖ్యానం మొదట్లో ముచ్చటగా ఉంటుంది, పోనుపోను కళ్లకి కనబడుతున్నదాన్నే మళ్లీ చెబుతున్నట్టు అనిపిస్తుంది. చివర్లో పోంకిచి అనే తనుకీ నేరుగా మనవైపు తిరిగి, తనుకీలూ నక్కలూ వేషం మార్చుకుని మాయమైతే కావచ్చు, మరి కుందేళ్ల మాటేమిటని అడుగుతాడు. ప్రశ్న పదునైనదే, కానీ అంతవరకూ కథే చెప్పిన మాటని ఇప్పుడు నోటితో చెప్పించినట్టుంది.

చిన్నపిల్లలకి పెట్టాలనుకుంటే ముందు మీరొకసారి చూడండి. చావులున్నాయి, దాచకుండా చూపించారు. జిబ్లీ అంటే హాయిగా, నెమ్మదిగా ఉండాలనుకునేవాళ్లకి ఇది పడకపోవచ్చు. హైదరాబాద్‌లో నార్సింగి, మణికొండ వైపు రాళ్లగుట్టలు పేల్చి లేపిన టవర్లలో ఉండేవాళ్లకి మిగతావాళ్లకన్నా ఎక్కువ గుచ్చుకుంటుందేమో. వీలైతే దీని తర్వాత 1995 నాటి విస్పర్ ఆఫ్ ద హార్ట్ చూడండి. అది నడిచేదీ ఈ తమా ప్రాంతంలోనే, ఇళ్లన్నీ లేచి, పిల్లలు వాటి మధ్య పెరిగి, అదే తమ సొంతూరనుకునే కాలంలో. వరస మార్చి చూస్తే ఇంత పట్టు ఉండదు.