టవర్ డిఫెన్స్ గేమ్‌కి పెట్టుబడి: కిక్‌స్టార్టరా, పబ్లిషరా, ఎర్లీ యాక్సెసా, మన జేబేనా?

టవర్ డిఫెన్స్ గేమ్ (దారి వెంట వచ్చే శత్రువులను టవర్లు కట్టి ఆపే ఆట) మొదలుపెట్టడం చాలా తేలిక. ఒక దారి గీసి, దాని మీద నడిచే నాలుగు ఎర్ర చుక్కలు వదిలి, పక్కన కాల్చే టవర్ ఒకటి నిలబెడితే శని, ఆదివారాల్లో ఆడుకోదగ్గది తయారవుతుంది. నాదీ అలాగే మొదలైంది. మూడు నెలల పని అనుకున్నాను. రెండేళ్ళు కావస్తోంది.

ఆ కాలమంతా ఎటు పోయిందో చెప్పడానికి ఐస్ టవర్ ఒక్కటి చాలు. అది శత్రువు వేగాన్ని 50 శాతం తగ్గిస్తుంది. మరి రెండు ఐస్ టవర్లు పక్కపక్కన పెడితే? నేను అమాయకంగా రెండు యాభైలూ కలిపేశాను. శత్రువులు దారి మధ్యలో విగ్రహాల్లా నిలబడిపోయారు. వేవ్ (ఒక విడతలో వచ్చే శత్రువుల గుంపు) ముగియదు, కొత్తది మొదలవదు. కలపడం మానేసి గుణిస్తే వేగం నాలుగో వంతుకు వచ్చి ఆగింది. బాగానే ఉంది అనుకునేలోపు, అప్పటిదాకా సరిచేసి పెట్టుకున్న ముప్పై వేవ్‌ల లెక్కా తప్పింది. ఒకచోట శత్రువు ప్రాణం పెంచాలి, ఇంకోచోట బంగారం తగ్గించాలి. అదంతా చేశాక ఇంకెవరో ఆడి, నేను కలలో కూడా అనుకోని మూలలో ఆరు టవర్లు గుత్తిగా కట్టి మొత్తం ఆటని నిద్రపోతూ గెలిచేస్తారు.

అంటే ఈ రకం ఆటలో డబ్బు బొమ్మల కోసం, సంగీతం కోసం ఖర్చయ్యేదానికన్నా బ్యాలెన్సింగ్ (ఆట మరీ తేలికా, మరీ కష్టమూ కాకుండా లెక్కలు సరిచేయడం) చేసే నెలల కోసం ఎక్కువ ఖర్చవుతుంది. ఆ నెలల్లో తయారీదారుకి తిండి కావాలి, ఆటకి ఆడేవాళ్ళు కావాలి. అందుకే పెట్టుబడి మార్గాలను పోల్చేటప్పుడు ఎంత ఇస్తారన్నది ఒక్కటే చూడను. డబ్బుతో పాటు ఆడేవాళ్ళను కూడా తెస్తుందా, తెస్తే ఎప్పుడు తెస్తుంది అన్నది కూడా చూస్తాను.

ముందుగా కిక్‌స్టార్టర్, అంటే ఇంకా తయారుకానిదాని కోసం జనం దగ్గర ముందే డబ్బు పోగుచేసే సైట్. 2012లో డబుల్ ఫైన్ అనే గేమ్ స్టూడియో వాళ్ళు ఒక అడ్వెంచర్ గేమ్ కోసం 33 లక్షల డాలర్లకు పైగా పోగుచేశాక, ఇండీలందరికీ (సొంతంగా ఆటలు చేసుకునే చిన్న తయారీదారులకు) ఇదే రాజమార్గం అనిపించింది. అదే ఏడాది మన రకం ఆట ఒకటి కూడా అక్కడికి వెళ్ళింది. 2008లో డిఫెన్స్ గ్రిడ్ చేసి పేరు తెచ్చుకున్న హిడెన్ పాత్ ఎంటర్‌టైన్‌మెంట్, రెండో భాగం కోసం జనం దగ్గరికి వచ్చింది. కనీస లక్ష్యం రెండున్నర లక్షల డాలర్లు. పూర్తి స్థాయి డిఫెన్స్ గ్రిడ్ 2 కావాలంటే పది లక్షలు రావాలి. వచ్చింది 2 లక్షల 70 వేల చిల్లర. దాంతో మొదటి ఆటకే కంటైన్‌మెంట్ అనే అదనపు భాగం తయారైంది. అసలు రెండో భాగం 2014లో వచ్చింది, అదీ బయటి పెట్టుబడిదారు ఒకరు ముందుకొచ్చాకే. గమనించండి, ఇది అప్పటికే అభిమానులున్న ఆట. ఏ పేరూ లేని మన ఆటకి స్ట్రెచ్ గోల్స్ (లక్ష్యం దాటి డబ్బు వస్తే ఇంకా ఏం చేస్తామో చెప్పే మాటలు) రాసుకోవడమంటే ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

కిక్‌స్టార్టర్‌లో లక్ష్యం చేరకపోతే ఒక్క డాలరూ రాదు. చేరితే 5 శాతం వాళ్ళు తీసుకుంటారు, చెల్లింపుల ఖర్చు ఇంకో 3 నుంచి 5 శాతం దాకా పోతుంది. 20 వేలు వస్తే చేతికి 18 వేల చిల్లర అనుకోండి. టీ షర్టులు, పోస్టర్లు ఇస్తానని మాటిస్తే అందులోంచే కొరియర్ ఖర్చు కూడా. పైగా అన్ని దేశాలవాళ్ళూ అక్కడ ప్రాజెక్టు పెట్టలేరు, మీ దేశం జాబితాలో ఉందో లేదో ముందే చూసుకోవాలి.

నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టేది మాత్రం వేరే సంగతి. డబ్బిచ్చినవాళ్ళకు మనం స్టీమ్ (కంప్యూటర్ ఆటలు అమ్మే ఆన్‌లైన్ అంగడి) కీలు, అంటే ఆటని తెరిచే కోడ్‌లు, ఇస్తాం కదా, కీతో ఆట తెరిచినవాళ్ళు రాసిన రివ్యూలు స్టీమ్‌లో ఎంత శాతం మెచ్చుకున్నారో చూపే స్కోరుకి లెక్కలోకి రావు. 2016 నుంచి ఇదే పద్ధతి. అంటే మనల్ని అందరికన్నా ముందు నమ్మిన వెయ్యి మంది విడుదల రోజున ఎంత మెచ్చుకున్నా ఆ శాతంలో కనబడరు. ఇంకోటి, టవర్ డిఫెన్స్ వీడియోలో పండదు. పైనుంచి చూస్తే చిన్న చిన్న బొమ్మలు ఒక వంకర దారిలో పోతుంటాయి, అంతే. ఐదో నిమిషంలో టవర్‌ని ఇక్కడ పెట్టాలా, అక్కడ పెట్టాలా అని మనసు కొట్టుకుంటుందే, అసలు ఆట అది. ట్రైలర్‌లో అది చూపించలేం. అరచేతిలో వైకుంఠం చూపించగలిగినవాళ్ళ అంగడి అది, మనది ఆ సరుకు కాదు.

ఇప్పుడు ఆటకి డబ్బు పెట్టి విడుదల చేసే సంస్థ, అంటే పబ్లిషర్ దగ్గరికి వద్దాం. డబ్బు ఏకమొత్తంగా మాట్లాడుకుని, మైలురాళ్ళ ప్రకారం విడతలుగా ఇస్తారు. టెస్టింగ్, అనువాదాలు, కన్సోల్ పోర్టు (ప్లేస్టేషన్ లాంటి వాటి మీద ఆడేలా ఆటని మార్చడం) వాళ్ళే చూసుకుంటే నిజంగా పెద్ద బరువు దిగినట్టే. కానీ ఆ డబ్బు బహుమతి కాదు, ఆట సంపాదనలోంచి ముందుగా వాళ్ళు రాబట్టుకునే అడ్వాన్సు. దాన్నే రికూప్ అంటారు. కాంట్రాక్టులో ఆ ఒక్క పేరాని మూడుసార్లు చదవండి. ఎందుకో ఒక లెక్క వేసి చూపిస్తాను.

ఆట ధర 10 డాలర్లు, 5,000 కాపీలు అమ్ముడయ్యాయి. రిఫండ్లు, డిస్కౌంట్లు, పన్నులు లేవనే అనుకుందాం (ఉంటాయి, బాగానే ఉంటాయి). 50 వేలలో స్టీమ్ 30 శాతం తీసుకుంటే 35 వేలు మిగిలింది. అడ్వాన్సు 30 వేలు, ఆపైన చెరి సగం అని ఒప్పందం. మొత్తం రాబడిలోంచి రికూప్ అయితే, ముందు 30 వేలు పబ్లిషర్‌కి పోయి మిగిలిన 5 వేలలో మనకు 2,500 వస్తుంది. అదే మన వాటాలోంచి మాత్రమే రికూప్ అని రాసి ఉంటే? 35 వేలలో మన సగం 17,500 మొత్తం అప్పు కింద జమ. ఇంకా 12,500 బాకీ ఉన్నట్టే లెక్క. పబ్లిషర్ చేతికి మొత్తం 35 వేలూ చేరాయి, మన చేతికి సున్నా. రెండు కాంట్రాక్టుల్లోనూ పైన పెద్ద అక్షరాల్లో ఉండేది ‘50–50’ అనే. ప్రచారం ఖర్చు కూడా రికూప్‌లో కలపొచ్చని ఇంకో చోట రాసి, వాళ్ళు దానికి 10 వేలు పెట్టి ఉంటే, మొదటి రకం ఒప్పందంలో కూడా మన 2,500 ఎగిరిపోతుంది.

మరి పబ్లిషర్ వద్దా అంటే, అలా అననంటే అనను. ఆట అమ్ముడుపోకపోతే మామూలు ఒప్పందాల్లో ఆ అడ్వాన్సు మనం తిరిగి కట్టక్కర్లేదు. ఈ మాట కూడా కాగితం మీద ఉందో లేదో చూసుకోవాలి. ఆ నెలల జీతం అప్పటికే మనం తినేశాం కాబట్టి, నష్టం వాళ్ళది. పిల్లల ఫీజులు, ఇంటి అద్దె ఉన్నవాళ్ళకు అది చిన్న విషయం కాదు. కానీ నా ప్రశ్న మళ్ళీ అదే: ఆడేవాళ్ళు ఎప్పుడొస్తారు? ఎక్కువగా విడుదల దగ్గరపడ్డాకే. బ్యాలెన్సింగ్‌కి జనం కావాల్సిన మధ్య నెలల్లో మన దగ్గర ఉండేది పబ్లిషర్ టెస్టర్లు నలుగురు. మైలురాయి గడువు వాళ్ళకు ముఖ్యం, మూలలో గుత్తిగా కట్టిన ఆరు టవర్లు మనకు ముఖ్యం.

ఇక ఎర్లీ యాక్సెస్. 2013లో స్టీమ్ మొదలుపెట్టిన ఈ పద్ధతి టవర్ డిఫెన్స్ కోసమే పుట్టిందా అనిపిస్తుంది కొన్నిసార్లు. సగం అయిన ఆటని అమ్ముతాం, కొన్నవాళ్ళే ఆడి ఆడి దాన్ని విరగ్గొడతారు, మనం అతికిస్తాం. వాళ్ళు డబ్బిచ్చి కొన్నవాళ్ళు కాబట్టి రివ్యూలు కూడా లెక్కలోకి వస్తాయి. గ్రిజ్లీ గేమ్స్ అనే చిన్న బృందం చేసిన థ్రోన్‌ఫాల్ 2023 ఆగస్టులో ఇలాగే వచ్చి, 2024 అక్టోబరులో పూర్తి రూపం తీసుకుంది. పగలు కట్టుకోవడం, రాత్రి కాపాడుకోవడం, అంతే ఆట. మొదటి రోజు నుంచే అది దానికదే పూర్తిగా ఉంది, తర్వాత వచ్చినవన్నీ దాని మీద చేర్పులు.

ఇక్కడే ఒక మెలిక. ఎర్లీ యాక్సెస్ అన్ని టవర్ డిఫెన్స్‌లకూ పనికిరాదు. ప్రతిసారీ కొత్త మ్యాపు, కొత్త కార్డులు వచ్చే రోగ్‌లైక్ తరహా అయితే జనం పదిసార్లు, ఇరవైసార్లు ఆడతారు, కాబట్టి బాగా నప్పుతుంది. ఇరవై లెవెళ్ళు వరసగా దాటుకుంటూ పోయే ఆటలో ఎనిమిది లెవెళ్ళు ఇచ్చి అమ్మితే? రెండు గంటల్లోపు అయిపోతుంది. కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటలకన్నా తక్కువ ఆడి ఉంటే స్టీమ్ డబ్బు వెనక్కి ఇచ్చేస్తుంది. కొన్నవాళ్ళు మన సరుకంతా చూసి, తలుపు వేసుకుని హాయిగా వెళ్ళిపోవచ్చు. మిగతా పన్నెండు లెవెళ్ళు వచ్చేసరికి వాళ్ళకు ఆట పేరు కూడా గుర్తుండదు.

దీన్ని పెట్టుబడి అని పిలవడం కూడా పూర్తిగా సరికాదు. అమ్మకాలు చాలా తక్కువైనా, అసలు లేకపోయినా ఆట పూర్తి చేసే స్తోమత లేకపోతే ఎర్లీ యాక్సెస్‌లోకి రావద్దని స్టీమ్ నడిపే వాల్వ్ తన సూచనల్లోనే చెబుతుంది. అంటే డబ్బు ముందు ఎక్కడో ఒకచోట ఉండాలి. అలా తిరిగి తిరిగి మన జేబు దగ్గరికే వస్తాం.

ఆ జేబు ఖర్చు నిజానికి భయపడేంత పెద్దది కాదు, మన జీతం మనం వేసుకోకపోతే. గొడాట్ ఇంజన్ (ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్) పూర్తిగా ఉచితం. అన్‌రియల్ ఇంజన్ అయితే ఒక ఆట మీద పది లక్షల డాలర్లు దాటాకే 5 శాతం అడుగుతుంది, ఆ బాధ వచ్చినప్పుడు సంతోషంగా పడదాం. స్టీమ్‌లో పెట్టడానికి 100 డాలర్లు, ఆట వెయ్యి డాలర్లు సంపాదించాక అదీ వెనక్కి ఇస్తారు. అమెరికా బయట ఉన్నవాళ్ళకు, దేశాల మధ్య ఒప్పందాన్ని బట్టి, అక్కడి అమ్మకాల మీద 30 శాతం దాకా పన్ను కోత ఉంటుందన్నది మాత్రం మొదటే లెక్కలో వేసుకోవాలి. నేను వేసుకోలేదు, ఫారం నింపేటప్పుడు తెలిసి టెన్షన్ పడ్డాను.

మొబైల్‌లో ఉచితంగా వదిలి ప్రకటనల మీద బతకడం గురించి చాలామంది అడుగుతారు. గూగుల్‌కి ఒకసారి 25 డాలర్లు, యాపిల్‌కి ఏటా 99 డాలర్లు కడితే తలుపు తెరుచుకుంటుంది. కానీ ‘ప్రకటన చూస్తే రెట్టింపు బంగారం’ అని పెట్టగానే, ఆ రెట్టింపు అవసరమయ్యేలా వేవ్‌లని బిగించక తప్పదు. ఐస్ టవర్ కోసం రెండేళ్ళు కుస్తీ పట్టింది ఇందుకా? ఈ దారి నాకు వద్దు.

నాకు నచ్చిన ఇంకో దారి ఉంది: ముందు ఉచితంగా ఆడించి, తర్వాత అమ్మడం. ఉరుగ్వేకి చెందిన ఐరన్‌హైడ్ వాళ్ళ కింగ్‌డమ్ రష్ 2011లో ఆర్మర్ గేమ్స్ సైట్‌లో ఫ్లాష్ ఆటగానే (బ్రౌజర్‌లో ఉచితంగా ఆడే ఆటగానే) మొదలైంది. ఫ్లాష్ సైట్లు ఇచ్చే స్పాన్సర్‌షిప్ డబ్బు అప్పట్లో చిన్న బృందాలకు ఊపిరి. 2020 డిసెంబరు 31తో ఫ్లాష్‌కి తెరపడి ఆ డబ్బు పోయినా, ఆ పద్ధతి పోలేదు. మిండస్ట్రీ అనే టవర్ డిఫెన్స్ ఆట ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉంటుంది), ఉచితంగా దొరుకుతుంది, అయినా 2019 నుంచి స్టీమ్‌లో డబ్బుకి కూడా అమ్ముతున్నారు, కొనేవాళ్ళు కొంటూనే ఉన్నారు. మనంతట మనం చేయగలిగింది ఇచ్.ఐఓ అనే ఇండీ ఆటల సైట్‌లో ఒక డెమో (ఉచితంగా ఆడే నమూనా). ఆ సైట్ తీసుకునే వాటా మామూలుగా 10 శాతం, దాన్ని మనమే మార్చుకోవచ్చు కూడా. అక్కడ జనం విరగ్గొట్టిన డెమోని సరిచేసి రాబోయే ఆటల డెమోల పండగ, స్టీమ్ నెక్స్ట్ ఫెస్ట్‌కి తీసుకెళ్ళాలి. అది ఏడాదికి మూడుసార్లు వస్తుంది, కానీ ఒక ఆటకి ఒక్కసారే అవకాశం. పచ్చి డెమోతో వెళ్ళి దాన్ని పాడుచేసుకోకండి.

కాబట్టి నా తీర్పు ఇది. మళ్ళీ మళ్ళీ ఆడే తరహా ఆటయితే డెమో, దాని వెనకే ఎర్లీ యాక్సెస్. వరస లెవెళ్ళ ఆటయితే డెమో, తర్వాత పబ్లిషర్‌తో బేరం. విష్‌లిస్ట్ అంకె (ఆట కావాలని స్టీమ్‌లో ముందే గుర్తు పెట్టుకున్నవాళ్ళ సంఖ్య) చేతిలో పెట్టుకుని కూర్చుంటే ఆ బేరం వేరేలా నడుస్తుంది. మీ మెయిల్ కోసం ఇప్పటికే కొన్ని వేలమంది ఎదురుచూస్తుంటేనే కిక్‌స్టార్టర్. వీటన్నిటి కింద, డెమో బయటికి వెళ్ళేదాకా, వారానికి రెండు మూడు రోజులు వేరే కోడింగ్ పని. చన్నీళ్ళకు వేణ్ణీళ్ళు తోడు. ఆ పని వల్ల ఆట ఆరు నెలలు ఆలస్యమవుతుంది, నిజమే. పోయిన ఏడాది నాకు ఆ పని లేకపోతే మాత్రం, నా ముందుకొచ్చిన మొదటి కాంట్రాక్టు మీద కళ్ళు మూసుకుని సంతకం పెట్టేసేవాణ్ణి. అందులో రికూప్ మన వాటాలోంచే, ప్రచారం ఖర్చుకి పరిమితి లేదు.

నాది ఇరవై నాలుగు లెవెళ్ళ ఆట, కాబట్టి నా తీర్పు ప్రకారమే ఇంకో పబ్లిషర్‌తో మాట్లాడుతున్నాను. రికూప్ మొత్తం రాబడిలోంచి, ప్రచారం ఖర్చు 5 వేలు మించితే నా అనుమతి ఉండాలి అని రెండు వాక్యాలు మార్చి పంపాను. పదకొండు రోజులైంది, జవాబు రాలేదు. ఈలోగా డెమో ఆడిన ఒకాయన ఐస్ టవర్ పక్కన ఐస్ టవర్ కాకుండా మధ్యలో విషపు టవర్ పెడితే ఇరవై ఏడో వేవ్‌లో బాస్ (అందరికన్నా పెద్ద శత్రువు) వెనక్కి నడుస్తున్నాడని వీడియో పంపాడు. ఇవాళ రాత్రికి పని అదే.