డాడ్జర్ స్టేడియం వెళ్తున్నారా: సీటు, బస్సు, బస గురించి నా మాట

ఎల్ఏ (లాస్ ఏంజిలిస్) అంటే అందరూ హాలీవుడ్, యూనివర్సల్ అంటారు గానీ బేస్‌బాల్ పిచ్చి కాస్తయినా ఉంటే ముందు అక్కడి డాడ్జర్స్ జట్టు సొంత మైదానం డాడ్జర్ స్టేడియానికే పొమ్మంటాను. మూడు బేసుల (పరుగు మధ్యలో ఆగే చోట్లు) మీదా మనోళ్ళే ఉండగా పడే హోమ్ రన్ (మన సిక్సర్ లాంటిది), అదే గ్రాండ్ స్లామ్, ఒక్క దెబ్బకి నాలుగు రన్స్, దానికి ఇది పుణ్యక్షేత్రం అనుకోండి. 1999 ఏప్రిల్ 23న కార్డినల్స్ జట్టు ఆటగాడు ఫెర్నాండో టాటిస్ ఒకే ఇన్నింగ్స్‌లో రెండు కొట్టాడిక్కడ, రెండూ డాడ్జర్స్ పిచర్ (బంతి వేసేవాడు) చాన్ హో పార్క్ వేసిన బంతులకే. 2024 ఆగస్టులో డాడ్జర్స్ స్టార్ ఒటానీ ఆ సీజన్‌లో కొట్టిన 40వ హోమ్ రన్ కూడా గ్రాండ్ స్లామే, మ్యాచ్ దానితోనే అయిపోయింది.

అదే ఏడాది అక్టోబర్ 25, వరల్డ్ సిరీస్ (సీజన్ ఫైనల్ పోరు) మొదటి మ్యాచ్, 10వ ఇన్నింగ్స్, ఇద్దరు అవుట్, ప్రత్యర్థి న్యూయార్క్ యాంకీస్ 3-2 ముందున్నారు. డాడ్జర్స్ బ్యాటర్ బెట్స్‌ని కావాలనే వాక్ చేయించి (ఆడనివ్వకుండా ఊరికే మొదటి బేస్‌కి పంపి), అతని తర్వాత వచ్చే, చీలమండ బెణికి కుంటుతున్న ఫ్రీమన్‌ని ఎంచుకున్నారు. యాంకీస్ పిచర్ కోర్టెస్ వేసిన మొదటి బంతే రైట్ ఫీల్డ్ (మైదానం కుడివైపు) స్టాండ్స్‌లో పడింది, 6-3. వరల్డ్ సిరీస్ చరిత్రలో మ్యాచ్ ముగించిన మొదటి గ్రాండ్ స్లామ్ అది.

అందుకే మేం రైట్ ఫీల్డ్ పెవిలియన్‌లో టికెట్లు తీశాం. గోల బావుంటుంది, కానీ సాయంత్రం మ్యాచ్‌కి ఎండ సరిగ్గా మొహం మీదే, మా అక్క టోపీ లేక విసుక్కుంటూనే ఉంది. డబ్బులు తక్కువుంటే టాప్ డెక్ తీసుకోండి, ఆట చిన్నగా కనిపిస్తుంది గానీ వెనక కొండలు చూస్తే అదోలా హాయి.

కారు మాత్రం వద్దండీ. డౌన్‌టౌన్‌లోని రైల్వే స్టేషన్, యూనియన్ స్టేషన్ నుంచి టికెట్ చూపిస్తే డాడ్జర్ స్టేడియం ఎక్స్‌ప్రెస్ బస్సు ఫ్రీ. వచ్చేటప్పుడు లైన్ పెద్దదే, అయినా పార్కింగ్‌లో ఇరుక్కోవడం కన్నా నయం.

బస డౌన్‌టౌన్‌లో ఒక హోటల్‌లో, పేరు ఎందుకులెండి, రూమ్ చవకగా చూపించి పార్కింగ్‌కి విడిగా బాదారు, ఏసీ రాత్రంతా గుర్రు పెట్టింది. ఈసారైతే లిటిల్ టోక్యోలో దిగుతాను, స్టేషన్‌కి నడిచిపోవచ్చు, గోడ మీద ఒటానీ బొమ్మ కూడా చూడొచ్చు.

తిండికి భయపడక్కర్లేదు, బయటి తిండి లోపలికి రానిస్తారు, బ్యాగ్ మాత్రం లోపలివి కనపడే ప్లాస్టిక్‌ది ఉండాలి. మేం పులిహోర పట్టుకెళ్ళాం, పక్కసీటాయన కూడా అడిగి మరీ తిన్నాడు.