స్పానిష్ వ్యాకరణానికి రెండు ఉచిత నిఘంటువులు: ఏళ్ల తరబడి వాడాక

మాది సోంపేట. ఓడలో ఉద్యోగం కాబట్టి లాటిన్ అమెరికా రేవుల్లో స్పానిష్‌తో పని పడుతుంది. శ్రీకాకుళంలో ఆ భాష నేర్పే మాస్టారెవరూ నాకు దొరకలేదు. స్పానిష్ భాష బాగోగులు చూసే స్పెయిన్ సంస్థ, స్పానిష్ రాయల్ అకాడమీ వాళ్ల నిఘంటువులు రెండే నాకు ఆధారం. ఒకటి వాళ్ల పెద్ద నిఘంటువు, రెండోది 2005లో తెచ్చిన సందేహాల నిఘంటువు. రెండూ ఫోన్‌లో ఉచితంగా చూసుకోవచ్చు.

పెద్ద నిఘంటువులో ఏ క్రియ వెతికినా దాని రూపాల పట్టిక దొరుకుతుంది. ‘సబేర్’ (తెలియడం) చూస్తే భూతకాలంలో ‘సబీయా’, ‘సూపె’ అని రెండు కనిపిస్తాయి. ఏది ఎప్పుడు వాడాలో మాత్రం పట్టిక చెప్పదు. అక్కడ నన్ను ఆదుకున్నది తెలుగే. “నాకు ముందే తెలుసు” అంటే ‘యా లొ సబీయా’. “నిన్ననే తెలిసింది” అంటే ‘లొ సూపె అయేర్’. అలాగే “చిన్నప్పుడు ఏట్లో ఈదేవాణ్ణి” అనడానికి ‘నదాబా’, “నిన్న ఈదాను” అనడానికి ‘నదే’. ఇంగ్లీషు మీదుగా వెళ్తే ఈ తేడా పట్టుకోవడం కష్టం.

పట్టికలో కొన్ని కాలాలకు రెండేసి పేర్లుంటాయి. ‘సబీయా’, ‘నదాబా’ల కాలానికి ‘ప్రెతేరితో ఇంపెర్‌ఫెక్తో’ అన్న పేరు పక్కనే ‘కోప్రెతేరితో’ కనిపిస్తే కంగారు పడకండి, రెండూ ఒకటే. రెండోది వ్యాకరణవేత్త ఆంద్రెస్ బెయ్యో 1847లో అచ్చువేసిన వ్యాకరణంలోని పేరు.

ప్రిపొజిషన్లకు (ఇంగ్లీషు ‘in’, ‘with’ లాంటి మాటలకు) సందేహాల నిఘంటువుకి మించింది నేను చూడలేదు. ‘సొన్యార్’ (కలగనడం)కు ‘కొన్’, ‘ఇన్సిస్తీర్’ (పట్టుబట్టడం)కు ‘ఎన్’ వాడాలని క్రియ వెంటే చెబుతుంది. నాకు బాగా నచ్చింది ‘ఆ’ అనే ప్రిపొజిషన్ గురించిన భాగం. మనం “తమ్ముణ్ణి చూశాను” అంటాం, “సినిమా చూశాను” అంటాం. స్పానిష్‌లోనూ అంతే: ‘వి ఆ మి ఎర్మానో’, ‘వి లా పెలీకులా’. మనిషి దగ్గర ‘ఆ’ వచ్చింది, సినిమా దగ్గర రాలేదు. మన రెండో విభక్తి చేసే పనే అది.

ఇన్ఫినిటివ్‌తో, అంటే నిఘంటువులో కనిపించే క్రియ మూలరూపంతో, పెద్ద ఇబ్బంది లేదు. ప్రిపొజిషన్ తర్వాత క్రియ వస్తే ఇన్ఫినిటివ్‌లోనే ఉంటుంది. ‘సిన్ కొమేర్’ అంటే తినకుండా, ‘అంతెస్ దె కొమేర్’ అంటే తినే ముందు.

రెండు నిఘంటువుల్లోనూ వివరణ అంతా స్పానిష్‌లోనే ఉంటుంది. కొత్తవాళ్లకు తెరవగానే టెన్షన్ వస్తుంది. వర్తమాన కాలం, ఓ వెయ్యి మాటలు వచ్చాక మొదలుపెట్టండి. పొద్దున తిన్నదాన్ని మాద్రిద్‌లో ‘ఎ కొమీదో’ అనీ, బ్యూనస్ ఎయిరెస్‌లో ఎక్కువగా ‘కొమీ’ అనీ అంటారు. ఇలాంటివి పట్టికతో రావు, అక్కడి వాళ్లతో మాట్లాడాల్సిందే.