అయిదు సెకన్ల కోసం అబుదాబి దాకా

హైదరాబాద్ వండర్‌లాలో రీకాయిల్ రోలర్ కోస్టర్ ఎక్కి దిగినవాణ్ణి, నాకేం భయం అనుకుంటూ వెళ్ళాను అబుదాబిలోని ఫెరారీ వరల్డ్ పార్కుకి. షార్జాలో ఉండే మా బావ మాత్రం దారంతా నవ్వుతూనే ఉన్నాడు.

అక్కడి ఫార్ములా రోసా రోలర్ కోస్టర్ అంతా కారు రేసుల వ్యవహారమే. బండి ఎఫ్‌1 కారులా ఎర్రగా ఉంటుంది, ట్రాక్ ఆకారం ఇటలీలోని మోన్జా సర్క్యూట్‌ని చూసి గీసిందట. 2010లో మొదలైంది. గంటకు 240 కిలోమీటర్ల వేగం, అదీ అయిదు సెకన్లలోపే. విమానవాహక నౌక మీద నుంచి యుద్ధవిమానాన్ని విసిరేసినట్టు హైడ్రాలిక్ లాంచ్‌తో తోస్తారు. ఎక్కేముందు అందరికీ కళ్ళద్దాలు ఇస్తే ఫొటోల కోసమేమో అనుకున్నాను, కాదు, ఆ వేగంలో చిన్న ఇసుక రేణువు కంట్లో పడినా అంతే సంగతులు.

బండి మెల్లగా వచ్చి ఆగింది. పక్కనున్న బావతో ఏదో అనబోయాను, ఆ మాట పూర్తయ్యేలోపు వీపు సీటుకి అతుక్కుపోయింది, అరుద్దామని నోరు తెరిస్తే గాలి లోపలికి పోయిందే గానీ అరుపు బయటికి రాలేదు. ఆ తర్వాత 52 మీటర్ల ఎత్తుకి లేచి దిగుతుంది, మలుపులు తిరుగుతుంది, తలకిందులు మాత్రం ఎక్కడా చెయ్యదు. నిజం చెప్పాలంటే మొదటి అయిదు సెకన్ల తర్వాత మిగతాదంతా నాకు కాస్త చప్పగానే అనిపించింది. మొత్తం ఒకటిన్నర నిమిషం. అయినా మళ్ళీ ఎక్కుతారా అంటే ఎక్కుతాను.

మా ఆవిడకి మాత్రం అక్కడిదే ఫ్లయింగ్ ఏసెస్ అనే ఇంకో కోస్టర్ నచ్చింది. అది పాత యుద్ధవిమానం థీమ్, 52 మీటర్ల ఎత్తు లూప్. ఫెరారీ గుర్తులోని గుర్రం అసలు బరాకా అనే ఇటలీ పైలట్ విమానం మీదిదని అక్కడే తెలిసింది.

పిల్లలతో వెళ్ళేవాళ్ళు ముందే ఎత్తు కొలుచుకోండి. రోసాకి 140 సెంటీమీటర్లు ఉండాలి. మావాడు మూడు తక్కువ, గేటు దగ్గర ఒకటే ఏడుపు.

బస విషయంలో పొరపాటు చేశాం. తక్కువకి వస్తోందని అబుదాబి ఊళ్ళో గది తీసుకున్నాం, పొద్దున షటిల్ ఉందన్నవాళ్ళు తీరా అడిగితే ఈరోజు లేదన్నారు, టాక్సీకి అరవై దిర్హాముల పైనే అయింది. కాస్త ఎక్కువైనా పార్కు ఉన్న యాస్ ఐలాండ్‌లోనే దిగడం మేలు, అక్కడ ఉచిత బస్సులు తిరుగుతుంటాయి. తిండికి పక్కనే యాస్ మాల్ ఉంది.

గేట్లు తెరవగానే ముందు రోసా దగ్గరికే నడవండి, తర్వాత క్యూ పెరుగుతుంది. గాలి ఎక్కువైతే ఆపేస్తారు కూడా. ఇంకోటి, ఖాళీ కడుపుతో ఎక్కండి. పొద్దున నాలుగు పరాఠాలు లాగించిన మా బావ దిగాక అరగంట బెంచీ మీద తల పట్టుకుని కూర్చున్నాడు. ఇప్పటికీ ఎండదెబ్బే అంటాడు. మేం వెళ్ళింది జనవరిలో.